పేట లెక్క పేటకే చెప్పాలి

విశాఖపట్నానికి నిధులు రాలేదని ఎవరూ అనలేరు. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకంలో ఈ నగరానికి చోటు దక్కింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని కకావికలు చేసిన తర్వాత పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు రుణం వచ్చింది. 2016 జనవరిలో ప్రకటించిన స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని ఇరవై నగరాలలో విశాఖ ఒకటి. పది లక్షల జనాభా దాటిన నగరాలకు గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం కోసం పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంట్లలోనూ వాటా లభించింది. ఇవిగాక ప్రజలు చెల్లించే ఆస్తి పన్ను, నీటి పన్ను ఉన్నాయి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం చుట్టుపక్కల పేటలకోసం చేసే సామాజిక బాధ్యత వ్యయం ఉంది.

ఇంత ధనం ప్రవహించిన నగరంలో కోటవీధిలోనో, జ్ఞానాపురంలోనో, మల్కాపురంలోనో ఒక గృహిణిని పలకరించి, “మీ వీధి కాలువకు ఎంత ఖర్చయిందమ్మా?” అని అడిగి చూడండి. శంకుస్థాపన చేసిన నాయకుని పేరు ఆమె చెప్పగలదు, ఎందుకంటే అది శిలాఫలకం మీద ఉన్నది. ఖర్చు సంగతి చెప్పలేదు. కాలువ పొడవెంత ఉండాలో, కాంట్రాక్టరు ఎవరో, పగుళ్లు వస్తే ఎన్నేళ్ల వరకు అతడే బాగుచేయాలో ఆమెకు తెలియదు. ఆమె పన్ను కడుతున్నది, ఓటు వేస్తున్నది. ఆ కాలువ పక్కనే వండుకుంటున్నది, పిల్లలను పెంచుతున్నది. అయినా ఆ కాలువ లెక్క ఆమె దాకా రాలేదు.

ఈ లెక్క అడగడం ప్రజల హక్కు. అందుకు కావలసిన చట్టాలు చాలావరకు ఉన్నాయి. లేనిది అడిగే అలవాటు, జవాబు చెప్పే ఏర్పాటు. ఈ రెండింటి గురించే ఈ నెల మన చర్చ.

మొదట పాలనా వ్యవస్థ సంగతి చూద్దాం. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణంలో నిర్దేశించింది. నెహ్రూ పట్టణ పథకం నిధులు పొందాలంటే వార్డు స్థాయిలో పౌరుల భాగస్వామ్యానికి, లెక్కల బహిరంగ ప్రకటనకు చట్టాలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆ మేరకు మన రాష్ట్రం మున్సిపల్ చట్టాలను సవరించింది కూడా. కాని విశాఖ అనుభవం ఏమిటి? 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో ముగిసింది. మళ్లీ నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. తొమ్మిదేళ్ల పాటు కార్పొరేటరు అనేవాడే లేడు. నగరం హుద్‌హుద్ నుంచి కోలుకున్నది ఆ తొమ్మిదేళ్లలోనే. స్మార్ట్ సిటీ పనులు మొదలైనదీ అప్పుడే. పైగా స్మార్ట్ సిటీ నిధుల నిర్వహణ కంపెనీల చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక సంస్థ చేతికి వెళ్లింది. డబ్బు విరివిగా వచ్చిన కాలంలోనే అడిగేందుకు సభ లేకపోయింది, నిలదీసేందుకు ప్రతినిధి లేకపోయాడు. నష్టపోయింది ఏ ఒక్క పార్టీయో కాదు, 98 వార్డుల ప్రజలు.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన వార్డు సచివాలయాలు ఈ లోటు తీర్చాయని కొందరంటారు. సచివాలయం వల్ల ధ్రువపత్రాలు, పింఛన్లు ఇంటికి దగ్గరైన మాట నిజమే. కాని సచివాలయంలో ఉన్నది ఉద్యోగులు. వార్డు కమిటీలో ఉండవలసినది పౌరులు. ఈ రెండూ ఒకటి కావు. సచివాలయం గోడకు లబ్ధిదారుల జాబితా అతికించి దానికి ‘సామాజిక తనిఖీ’ అని పేరు పెట్టారు. జాబితాలో తన పేరుందా లేదా అని చూసుకోవడం అవసరమే గాని, సామాజిక తనిఖీ అంటే అంతేనా? తన పేరు వెతుక్కునేవాడు అర్జీదారుగా మిగిలిపోతాడు. మొత్తం వార్డుకు ఎంత వచ్చింది, దేనికి ఖర్చు చేశారు, ఎవరికి చెల్లించారు అని అడిగినప్పుడే అతడు పౌరుడవుతాడు.

సామాజిక తనిఖీ అనే మాటకు అసలు అర్థం తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పల్లె ప్రజల ముందు పనుల రికార్డులను చదివి వినిపించే ‘జన్ సున్‌వాయి’లకు శ్రీకారం చుట్టింది. సమాచార హక్కు ఉద్యమానికి ఊపిరి పోసినది ఆ సభలే. ఆ పద్ధతిని ప్రభుత్వ యంత్రాంగంలోనే భాగంగా మలిచిన ఘనత మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. 2006 నుంచి ఉపాధి హామీ పనులపై ఇక్కడ సామాజిక తనిఖీలు సాగాయి. 2009లో అందుకోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. పద్ధతి చాలా సరళమైనది. మస్టర్ రోళ్లు, కొలతల పుస్తకాలు అధికారుల నుంచి ముందే తీసుకుంటారు. శిక్షణ పొందిన గ్రామ యువతీయువకులు ఇంటింటికీ తిరిగి, ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి చేతికి అందింది అని అడిగి రాసుకుంటారు. ఆ తర్వాత మండల కేంద్రంలో అధికారుల సమక్షంలో అందరూ వినేలా చదువుతారు. తాను చేయని పనికి తన పేరిట కూలి పడినట్టు నిరక్షరాస్యురాలైన కూలీ సైతం తన చెవులతో వింటుంది. అక్కడే లేచి “నేను ఆ పనికి పోలేదు” అని చెబుతుంది. తనిఖీకి ప్రాణం ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నది.

పల్లెలో ఇది సాధ్యం కావడానికి కారణం ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను. సామాజిక తనిఖీని అది తప్పనిసరి చేసింది. నగరంలో వీధి పనులకు, కాలువలకు, సామాజిక భవనాలకు అలాంటి నిర్బంధం లేదు. ప్రభుత్వ ఆడిట్ శాఖ తనిఖీ జరుగుతుంది, నిజమే. ఆడిటరు కాగితానికి కాగితాన్ని సరిచూస్తాడు. బిల్లుకు వోచరు ఉంటే తృప్తిపడతాడు. వీధికీ కాగితానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ వీధిలో కాపురమున్న వాళ్లే కొలవగలరు.

నగరాలలో ఇది కుదరదనే వాదన సరికాదు. 2002 డిసెంబరులో ఢిల్లీలోని సుందర్‌నగరిలో ‘పరివర్తన్’ అనే సంస్థ అప్పటి ఢిల్లీ సమాచార హక్కు చట్టాన్ని ఉపయోగించి వీధి పనుల కాంట్రాక్టు కాగితాలు సంపాదించింది. వాటిని పట్టుకుని వీధివీధినా ప్రజలతో సరిచూసి, బహిరంగ సభలో చదివింది. సుమారు 1.3 కోట్ల రూపాయల పనులలో 70 లక్షల విలువైనవి నేల మీద కనిపించలేదు. చేతిపంపులు కాగితం మీద ఉన్నాయి, వీధిలో లేవు. ఆ లెక్క తేల్చినది ఇంజినీర్ల సంఘం కాదు, అక్కడి మురికివాడ జనం.

విశాఖకు సొంత చరిత్ర కూడా లేకపోలేదు. 1979లోనే ఇక్కడ పట్టణ సామాజికాభివృద్ధి పథకం ప్రారంభమైంది. 1988 నుంచి 1996 వరకు బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. రోడ్లు, కాలువలు, వీధి దీపాలతో పాటు బస్తీ ప్రజల సంఘాలను కూడగట్టడం ఆ పథకాల లక్ష్యాలలో ఒకటి. ఆ తరం వాళ్లు ఇప్పటికీ పేటలలో ఉన్నారు. కాని పథకంతో పుట్టిన సంఘం పథకంతోనే పోతుంది. విదేశీ దాత వెళ్లిపోయాక, ప్రాజెక్టు కార్యాలయం మూసేశాక, సమావేశం పిలిచేవాడు ఉండడు. కాబట్టి నేడు కావలసినది మరో పథకం కింద మరో కమిటీ కాదు. ఏ పథకం వచ్చినా, ఏ పార్టీ గెలిచినా చెదరకుండా ఉండే, చట్టం అండగల వార్డు సభ కావాలి.

ఆ సభ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. 2005 సమాచార హక్కు చట్టంలో మనలో చాలామంది వాడని ఒక నిబంధన ఉన్నది. ఆ చట్టం 2(జె) ప్రకారం సమాచార హక్కు అంటే నకళ్లు పొందడం మాత్రమే కాదు. జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుమూ లేదు. ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకుంటే అదే శాఖలోని పై అధికారికి ముప్పై రోజులలోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజులలోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.

ఒక వీధి పనికి ఐదు కాగితాలు అడిగితే చాలు: అంచనా పత్రం, వర్క్ ఆర్డరు, కొలతలు రాసిన ఎం-బుక్, చెల్లించిన బిల్లు, నాణ్యతా పరీక్ష నివేదిక. వీటితో పాటు ఒక టేపు ఉంటే లెక్క తేలిపోతుంది. ఎం-బుక్‌లో సిమెంటు రోడ్డు పొడవు 120 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని ఉన్నదనుకుందాం. అంటే 54 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. వీధిలో మందం 10 సెంటీమీటర్లే తేలితే పడినది 36 ఘనపు మీటర్లు. మూడోవంతు కాంక్రీటు మాయమైనట్టే. ఈ లెక్కకు పదవ తరగతి చదువు చాలు. తేడా కనిపించిన ప్రతిచోటా దొంగతనమే జరిగిందని నిర్ధారించడం మాత్రం న్యాయం కాదు. పైపులైను అడ్డొచ్చి డిజైను మారి ఉండవచ్చు, సవరించిన అంచనాకు అనుమతి ఉండి ఉండవచ్చు. అందుకే వేలు చూపే ముందు కాగితం అడగాలి, సంజాయిషీ వినాలి, రెండూ సభ ముందు పెట్టాలి.

సమాచార హక్కును బెదిరింపులకు వాడుకునేవారు పెరిగారని అధికారుల ఫిర్యాదు. అలాంటివారు ఉన్నారు. అయితే రహస్యం ఉన్నచోటనే బెదిరింపుకు వెల ఉంటుంది. బిల్లు వార్డు కార్యాలయం గోడ మీద ఉంటే దాన్ని చూపి బేరమాడేవాడికి అమ్మకానికి ఏమీ మిగలదు. చట్టంలోని 4(1)(బి) ప్రకారం ప్రణాళికలు, ప్రతిపాదిత వ్యయం, చెల్లింపుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ఆ సెక్షనును అమలు చేయని కార్యాలయం బెదిరింపుల గురించి ఫిర్యాదు చేయడం తలుపు తెరిచిపెట్టి దొంగను తిట్టడం వంటిది. మరోవంక 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించి, వ్యక్తిగత సమాచారమనే పేరుతో నిరాకరించే వీలును విస్తరించింది. లబ్ధిదారు పేరు, కాంట్రాక్టరు పేరు కూడా వ్యక్తిగతమేనంటే ఇక తనిఖీ దేన్ని చేయాలి? ఈ సవరణపై మైనారిటీ సంఘాలు కూడా గొంతెత్తాలి.

విశాఖకు ప్రత్యేకమైన మరో రెండు ఖాతాలున్నాయి. మొదటిది గాలి ఖాతా. ఓడరేవు బొగ్గు ధూళి పాతనగరం ఇళ్లలో గిన్నెల మీద పేరుకుంటుందన్నది ఈ ఊరిలో పసిపిల్లలకూ తెలిసిన సంగతి. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ ఉన్నది. ఈ నిధులలో దేశవ్యాప్తంగా 64 శాతం రోడ్డు ధూళి నివారణకే పోయిందని, పారిశ్రామిక కాలుష్యంపై ఖర్చు ఒక్క శాతానికి కూడా చేరలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది. మన నగరంలో ఈ డబ్బు ఏ వార్డులో ఎంత ఖర్చయింది? ధూళి పడే చోట ఎంత, ఊడ్చే యంత్రాలు తిరిగే విశాలమైన రోడ్ల మీద ఎంత? వార్డులవారీగా చెప్పనంత కాలం ఊపిరాడని వీధి పేరు మీద వచ్చిన డబ్బు మరో వీధి అందానికి చేరిందో లేదో తేల్చలేం.

రెండవది సంస్థల సామాజిక బాధ్యత ఖాతా. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలని, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతున్నది. ఒక పేటలో ప్రహరీగోడ, మరో పేటలో నీటి యంత్రం, ఇంకో చోట కుట్టు శిక్షణ. ఇవన్నీ దానధర్మాలుగా ఫోటోలకు ఎక్కుతాయి. పొగను, ధూళిని, ప్రమాద భయాన్ని భరించే జనానికి ఇది దానం కాదు, చట్టం చెప్పిన బాధ్యత. ప్రభుత్వరంగ సంస్థలు సమాచార హక్కు పరిధిలో ఉన్నాయి కాబట్టి ఈ లెక్క అడగవచ్చు. 2021 జనవరి 27న ఉక్కు కర్మాగారంలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు ఉద్యోగాల గురించి, భూముల గురించి నగరం గళమెత్తింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు గాని భయం పూర్తిగా తొలగలేదు. సంస్థ ప్రైవేటు చేతికి పోతే లెక్క అడిగే హక్కు కూడా పోతుందన్న విషయం ఆ చర్చలో తగినంతగా వినిపించలేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంలో ఈ హక్కు కూడా ఇమిడి ఉన్నది.

ఇక ముస్లిం సముదాయం విషయానికి వద్దాం. 2006 నవంబరులో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో పౌర సదుపాయాల లేమిని దేశం ముందుంచింది. అదే ఏడాది ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం వీలైన చోటల్లా లక్ష్యాలలో, నిధులలో 15 శాతం మైనారిటీలకు కేటాయించాలని చెప్పింది. మైనారిటీలు నివసించే మురికివాడల అభివృద్ధిని అందులో ఒక అంశంగా చేర్చింది. కాని జిల్లా మొత్తానికి ఒక అంకె చెబితే అది ఏ వీధికి చేరిందో ఎలా తెలుస్తుంది? వార్డు స్థాయి లెక్క లేని 15 శాతాన్ని నిజమనీ అనలేం, అబద్ధమనీ అనలేం.

విశాఖలో ముస్లింల సంఖ్య స్వల్పం. ఒకేచోట గుమిగూడిన నివాసాలూ తక్కువే. ఈ వాస్తవం నుంచి ఒక పాఠం నేర్చుకోవాలి. మన ఇంటి ముందు కాలువ మన గుమ్మం దగ్గర మొదలై మన గుమ్మం దగ్గరే ఆగదు. ఎగువన జాలరి ఇల్లు ఉంటుంది, దిగువన రెల్లి కుటుంబం ఉంటుంది, పక్కన శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో కూలికి వచ్చినవారి అద్దె గది ఉంటుంది. లెక్క కూడా అందరం కలిసే అడగాలి. ఒంటరిగా ఒక ముస్లిం యువకుడు కార్యాలయానికి వెళ్లి కాగితం అడిగితే అనుమానపు చూపులు ఎదురయ్యే కాలమిది. అద్దెకున్నవాడికి ఇల్లు ఖాళీ చేయిస్తారన్న భయం ఉంటుంది. ఇరవై ఇళ్లవారు సంతకాలు పెట్టిన దరఖాస్తుకు ఆ భయం ఉండదు. అందులో సగం సంతకాలు మహిళలవి కావాలి. నీళ్లు ఎప్పుడు వస్తాయో, కాలువ ఎక్కడ పొంగుతుందో పేటలో అందరికంటే ముందు తెలిసేది వారికే. మైనారిటీల కోటాలో నగరపాలక సంస్థలోకి కోఆప్షన్ ద్వారా వచ్చే సభ్యులు కూడా తమ పదవి ఇఫ్తార్ విందుల ఆహ్వానపత్రాలకు పరిమితం కాదని గుర్తించి, ఇలాంటి దరఖాస్తులను సభలో ప్రస్తావించాలి.

ఇతరులను లెక్క అడిగేవారు తమ లెక్క చూపగలగాలి. వక్ఫ్ చట్టంలోని 46వ సెక్షను ముతవల్లీలు ఏటా లెక్కలు సమర్పించాలని శాసించింది. మన మస్జిద్ కమిటీలలో ఎన్ని తమ దుకాణాల అద్దెలు, చందాలు, మరమ్మతుల ఖర్చు నోటీసు బోర్డు మీద పెడుతున్నాయి? జకాత్ వసూలు చేసే సంఘాలలో ఎన్ని ఎంత వచ్చింది, ఎందరికి పంచామన్నది ప్రకటిస్తున్నాయి? చేస్తున్నవి ఉన్నాయి, వాటిని మనసారా అభినందిద్దాం. చేయనివి ఈ నెలలోనే మొదలుపెట్టాలి. ప్రజాధనాన్ని అమానత్‌గా భావించాలని పాలకులకు చెప్పే అర్హత అప్పుడు మనకు సంపూర్ణంగా ఉంటుంది.

ప్రభుత్వం ముందు, నగరపాలక సంస్థ ముందు మన డిమాండ్లు ఇవి. ప్రతి వార్డులో పౌరులతో కూడిన కమిటీ ఏర్పాటుచేసి, మూడు నెలలకోసారి బహిరంగ సభలో పనుల లెక్క చదివి వినిపించాలి. అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, కొలతలు, బాగుచేయవలసిన గడువు రాసిన బోర్డు పెట్టకుండా ఏ పనికీ తుది బిల్లు చెల్లించరాదు. ఎం-బుక్ నకలు వార్డు సచివాలయంలో అందరికీ అందుబాటులో ఉంచాలి. గాలి నాణ్యత నిధులు, సంస్థల సామాజిక బాధ్యత వ్యయం, 15 సూత్రాల కార్యక్రమం వ్యయం వార్డులవారీగా ప్రకటించాలి. పల్లెలలో ఉపాధి హామీకి ఉన్నట్టే నగర పనులకూ స్వతంత్ర సామాజిక తనిఖీని చట్టబద్ధం చేయాలి. లెక్క అడిగినవారిని వేధిస్తే చర్య తీసుకునే అధికారి ఎవరో ముందే ప్రకటించాలి.

పాఠకులకు ఒక విన్నపం. అన్ని వీధుల లెక్కా ఒకేసారి తేల్చాలనుకుంటే ఏదీ తేలదు. గత రెండేళ్లలో మీ వీధిలో పూర్తయిన పని ఒక్కటి ఎంచుకోండి. పొరుగువారిని, అందులో ఇతర మతాల వారిని కూడా కలుపుకుని సంతకాలు చేయండి. ఆ ఐదు కాగితాలూ అడగండి, టేపు పట్టి కొలవండి, వచ్చిన జవాబును ఇంటింటికీ చదివి వినిపించండి. లెక్క సరిపోతే ఆ ఇంజినీరును, కాంట్రాక్టరును నలుగురిలో మెచ్చుకోండి. సరిపోకపోతే అప్పీలు చేయండి. 98 వార్డులలో వార్డుకొకటి చొప్పున దరఖాస్తు పెట్టడానికి అయ్యే మొత్తం రుసుము 980 రూపాయలు.